మన వానగాలి మీద బతికే తిమింగలం

(హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్ర విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం.

ఇందాక బయట పోస్టర్ చూసి ఒకాయన నన్ను ఆపి అడిగారు. "సార్, వరంగల్‌లో తిమింగలాల ముచ్చటేంది? పాకాల చెరువులో మొసళ్ల గురించి చెప్పినా పనికొచ్చేది కదా" అని. (నవ్వులు) న్యాయమైన ప్రశ్నే. మనకు దగ్గర సముద్రం అంటే మచిలీపట్నం వైపు. కాకి ఎగిరినంత తిన్నగా వెళ్లినా రెండువందల యాభై కిలోమీటర్లు. ఈ హాల్లో సముద్రమే చూడనివాళ్లు ఉంటారు, తప్పేం లేదు. అయినా హంప్‌బ్యాక్ అనే ఒక జాతి తిమింగలం గురించి ఇక్కడే చెప్పడానికి నాకొక కారణం ఉంది. అది చివర్లో వస్తుంది. ముందు జంతువు సంగతి చూద్దాం.

తిమింగలం చేప కాదని మీకు ఆరో తరగతిలోనే చెప్పి ఉంటారు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లను కంటుంది, పాలిస్తుంది. దాని పూర్వీకులు నాలుగు కాళ్లతో నేల మీద తిరిగినవే. ఆ కథలో మన దేశానికీ వాటా ఉంది. జమ్మూ ప్రాంతంలోని కాలకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త రాళ్లు సేకరించి పెట్టారు. ఆయన పోయాక అమెరికాలోని థెవిస్సెన్ బృందం ఆ రాళ్లను చెక్కి చూస్తే, పిల్లి సైజులో ఉండే గిట్టల జంతువు ఎముకలు బయటపడ్డాయి. దాని చెవి ఎముక నిర్మాణం తిమింగలాల చెవి మాదిరే ఉంది. రంగారావు 1971లోనే ‘ఇండోహయస్’ అని పేరు పెట్టిన జంతువే అది, తిమింగలాలతో దాని చుట్టరికాన్ని 2007లో ప్రచురించారు. అది సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందటిది.

ఇక మన హంప్‌బ్యాక్. పెరిగినది 13 నుంచి 16 మీటర్ల పొడవు, బరువు పాతిక ముప్పై టన్నులు, బాగా పెద్దవైతే నలభై. ఆడది మగదానికంటే కొంచెం పెద్దది. నోట్లో పళ్లు ఉండవు. పై దవడ నుంచి రెండు వైపులా మూడు నాలుగు వందల పలకలు వేలాడుతుంటాయి, వాటిని బెలీన్ అంటారు. మన గోళ్లలో ఉండే కెరాటినే వాటిలోనూ ఉంటుంది. లోపలి అంచులు పీచుపీచుగా ఉంటాయి. నోటినిండా నీళ్లు తీసుకుని, నాలుకతో బయటికి నెట్టేస్తే, చేపలూ క్రిల్ అనే రొయ్యల జాతి జీవులూ ఆ పీచుకు చిక్కుకుంటాయి. అంతే భోజనం.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరో ఒకరు అడుగుతారు. పేపర్లో వచ్చే ‘తిమింగలం వాంతి’, కోట్ల రూపాయల అంబర్‌గ్రిస్, దీనిది కాదు. అది స్పెర్మ్ తిమింగలానిది, వేరే జాతి. అది అమ్మినా కొన్నా మన దేశంలో జైలుకే. (నవ్వులు)

దీని ప్రత్యేకత ఈదే రెక్కలు. ముందు రెక్క పొడవు మొత్తం శరీరంలో మూడో వంతు దాకా ఉంటుంది, అంటే పదిహేనడుగులు. ఏ తిమింగలానికీ ఇంత రెక్క లేదు. ఆ రెక్క ముందంచు మీద వరుసగా బొడిపెలు ఉంటాయి. ఫ్రాంక్ ఫిష్ అని అమెరికాలో ఒక జీవశాస్త్రవేత్త ఉన్నారు. ఇంటిపేరే ఫిష్, నేను పెట్టింది కాదు. (నవ్వులు) ఆయన బోస్టన్‌లో ఒక షాపులో హంప్‌బ్యాక్ బొమ్మ చూసి, "శిల్పి బొడిపెలు తప్పు వైపు పెట్టాడే" అనుకున్నారట. గాలినీ నీటినీ కోసే అంచు నున్నగా ఉండాలని కదా ఇంజనీరింగ్ పుస్తకం చెప్పేది. షాపువాళ్లు ఫొటో తెచ్చి చూపించారు, బొమ్మ కరెక్టే. తర్వాత ఆయన బృందం నమూనా రెక్కలు చేసి గాలి సొరంగంలో పెట్టి 2004లో ఫలితాలు వేసింది. బొడిపెలున్న రెక్క, నున్నటి రెక్క కంటే దాదాపు 40 శాతం ఎక్కువ కోణంలో వంగినా పట్టు తప్పలేదు. కాజీపేట నిట్‌లో మెకానికల్ చదివే దోస్తులుంటే అడగండి, ఈ పట్టు తప్పడాన్నే ‘స్టాల్’ అంటారు, వివరంగా చెప్తారు. అంత పెద్ద శరీరం చిన్న చేపల గుంపు చుట్టూ గిర్రున తిరగగలుగుతోందంటే ఆ బొడిపెల చలవే.

ఎందుకు తిరగాలి? వేట కోసం. నన్నడిగితే ఈ జంతువు గురించి ఒక్కటే చెప్పమంటే వేట గురించే చెప్తాను.

మీలో చెరువు పక్క ఊళ్లవాళ్లు ఉంటారు. వల లాగే రోజు మన గంగపుత్రులు, ముదిరాజులు ఏం చేస్తారు? ఒక వైపు వల కట్టి, ఇంకో వైపు నుంచి కర్రలతో నీళ్లు కొట్టుకుంటూ వస్తారు. చేప చప్పుడుకు బెదిరి వలలోకి పోతుంది. హంప్‌బ్యాక్ చేసేదీ సరిగ్గా అదే, కాకపోతే వలను కూడా అదే అల్లుకుంటుంది, అదీ గాలితో.

అలాస్కా ఆగ్నేయ తీరంలో ఎండాకాలం హెర్రింగ్ చేపలు గుంపులుగా తిరుగుతాయి. ఐదారు తిమింగలాలు కలిసి, ఒక్కోసారి డజను కూడా, కిందికి మునుగుతాయి. ఒకటి తల మీది ముక్కురంధ్రాల నుంచి కొంచెం కొంచెంగా గాలి వదులుతూ గుండ్రంగా తిరుగుతుంది. బుడగలు పైకి లేచి గోడ కడతాయి. హెర్రింగ్ బుడగలను దాటి పోదు. ఇంకొకటి గట్టిగా, సాగదీసి కూత పెడుతుంది. ఆ కూతకు చేపలు దగ్గరకు ముడుచుకుని పైకి పోతాయి. పైనుంచి పడవలో చూసేవాళ్లకు ముందు నీటి మీద బుడగలు ఒక్కొక్కటీ తేలి, వలయం పూర్తవుతుంది. వలయం మధ్యలో నీళ్లు ఉడికినట్టు కదులుతాయి, చేపలు ఎగిరిపడతాయి. మరుక్షణం అన్ని తిమింగలాలూ నోళ్లు తెరిచి ఒక్కసారే పైకి లేస్తాయి. గొంతు కింద మడతలుంటాయి, పద్నాలుగు నుంచి ముప్పై ఐదు దాకా, అవన్నీ విప్పుకుని గొంతు సంచిలా ఉబ్బుతుంది.

వీటిలో ప్రతిదీ మళ్లీ మళ్లీ తన చోటుకే వస్తుంది. ఒంటరిగా వేటాడేవి కూడా ఉన్నాయి. అవి క్రిల్‌ను బట్టి ఎన్ని వలయాలు వెయ్యాలి, బుడగకూ బుడగకూ మధ్య ఎంత ఎడం పెట్టాలి అన్నది మార్చుకుంటున్నాయని 2024లో ఒక పరిశోధన వచ్చింది. చేప సైజును బట్టి వలకన్ను మార్చడమే కదా అది.

ఇదంతా పుట్టుకతో వస్తుందా? కొంత నేర్చుకుంటాయి. అమెరికా తూర్పున మెయిన్ సింధుశాఖలో 1980లో ఒక తిమింగలం బుడగలు వదిలేముందు తోకతో నీటిని ఫెడేల్మని కొట్టడం మొదటిసారి చూశారు. అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లో అక్కడ హెర్రింగ్ తగ్గి, శాండ్‌లాన్స్ అనే సన్న చేప పెరిగింది. ఆ పద్ధతి ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. 27 ఏళ్ల రికార్డులు తిరగేసి 2013లో లెక్క తేల్చారు. అప్పటికి అక్కడివాటిలో మూడో వంతుకు పైగా దాన్ని వాడుతున్నాయి, అదీ ఎక్కువగా అది తెలిసినవాటితో కలిసి తిరిగేవే. మనిషి మాత్రమే నేర్పుతాడు, నేర్చుకుంటాడు అని ఇంకా రాసే పుస్తకాలుంటే పక్కన పెట్టండి.

తిండి ఉన్నది చల్లటి నీళ్లలో. పిల్లను కనేది గోరువెచ్చటి నీళ్లలో. అందుకే ప్రతి ఏడూ వలస. అంటార్కిటికా దగ్గర మేసి, భూమధ్యరేఖ దాటి కోస్టారికా దాకా వచ్చేవి ఉన్నాయి, ఒక దారికే ఎనిమిది వేల కిలోమీటర్లు. వెచ్చటి నీళ్లలో ఉన్నన్ని రోజులూ దాదాపు పస్తే. తల్లి అయితే ఆ పస్తులోనే పిల్లకు పాలివ్వాలి. పిల్ల పుట్టేటప్పటికే నాలుగు మీటర్లు పైచిలుకు, టన్ను దగ్గర. తల్లీపిల్లా చాలా మెల్లగా మాట్లాడుకుంటాయి. ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఎక్స్‌మౌత్ సింధుశాఖలో పిల్లలకు చిన్న రికార్డర్లు అంటించి విన్నారు, 2017లో అది వచ్చింది. తిమింగలం పిల్లలను వేటాడే ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, వింటే పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది మరి.

మగవి మాత్రం అట్లా కాదు. పాడతాయి.

బెర్ముడా దగ్గర అమెరికా నేవీ కోసం నీటి అడుగు శబ్దాలు రికార్డు చేసే ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు దగ్గర ఈ పాటలు ముందు నుంచీ ఉన్నాయి. తిమింగలాలు వేటాడేవాళ్ల చెవిన పడితే వాటికే చేటని బయట పెట్టలేదు. ఆయన వాటిని రోజర్ పేన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్తకు ఇచ్చారు. పేన్, స్కాట్ మెక్‌వే కలిసి 1971లో ‘సైన్స్’ పత్రికలో రాసిందేమంటే, ఇవి ఊరికే అరుపులు కావు, వరస ఉన్న పాటలు. స్వరాలు కలిసి పాదం, పాదం మళ్లీ మళ్లీ వచ్చి ఒక చరణం, చరణాలన్నీ ఒక క్రమంలో. ఒక పాట పది ఇరవై నిమిషాలు, అయిపోగానే మళ్లీ మొదలు, గంటల తరబడి. 1977లో వోయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన రికార్డులో మనుషుల పలకరింపులతో పాటు హంప్‌బ్యాక్ గొంతూ ఉంది.

ఒక ప్రాంతంలోని మగవన్నీ ఒకే పాట పాడతాయి. ఆ పాట ఏటా కొంత మారుతుంది, అన్నీ కలిసి మార్చుకుంటాయి. ఆస్ట్రేలియాలో ఇంకా తమాషా జరిగింది. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ వేరువేరు పాటలు. 1996లో తూర్పు తీరంలో రికార్డు చేసిన 82 గొంతుల్లో రెండు మాత్రం వేరే పాట పాడుతున్నాయి. చూస్తే అది పడమటి తీరం పాట. 1998కల్లా తూర్పు తీరం మొత్తం పాత పాటను వదిలేసి ఆ కొత్త పాటే పట్టుకుంది. తర్వాత ఆస్ట్రేలియా నుంచి పసిఫిక్ దీవుల మీదుగా ఫ్రెంచ్ పాలినీషియా దాకా పాటలు ఇలా తూర్పుకే పాకుతున్నాయని ఎలెన్ గార్లండ్ బృందం 2011లో చూపించింది. ఆడవాటి కోసమే పాడతాయని అందరం అనుకుంటాం. కానీ పాడేదాని దగ్గరకు వచ్చేవి ఎక్కువగా ఇతర మగవే. కాబట్టి ‘ప్రేమగీతం’ అని హెడ్డింగులు పెట్టేవాళ్లు కొంచెం ఆగితే బాగుంటుంది.

నోరు తెరవకుండా, గాలి వదలకుండా ఎలా పాడతాయన్నది 2024లో తేలింది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన తిమింగలాల స్వరపేటికలు ల్యాబులో పెట్టి గాలి ఊదారు. లోపల కొవ్వు దిండు ఒకటి ఉంది, దానికి ఆనుకుని కణజాలం కంపిస్తుంది, గాలి లోపల్లోపలే తిరుగుతుంది.

ఓర్కాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2009లో అంటార్కిటికాలో రాబర్ట్ పిట్‌మన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త కళ్లారా చూశారు. ఓర్కాలు తరుముతుంటే ఒక సీల్ హంప్‌బ్యాక్ వైపు ఈదింది. హంప్‌బ్యాక్ వెల్లకిలా తిరిగింది, సీల్ దాని ఛాతీ మీదికి చేరింది. జారిపోబోతే రెక్కతో మెల్లగా వెనక్కి తోసి పెట్టుకుంది. తర్వాత ఆయన, సహచరులు ఇలా హంప్‌బ్యాక్‌లు ఓర్కాలకు అడ్డుపడ్డ 115 సంఘటనలు పోగుచేశారు. చాలావాటిలో ఓర్కాలు పట్టింది హంప్‌బ్యాక్‌లను కాదు, వేరే జంతువులను. యూట్యూబులో దీన్ని ‘సముద్రంలో దేవుడు’ అంటారు. నేను అంత దూరం పోను. తన పిల్లలను తినే శత్రువు వేట చప్పుడు వినగానే ఎదురుపోవడం అలవాటయ్యుంటుంది, అక్కడ చిక్కింది ఎవరన్నది పోయాకే తెలుస్తుంది. అయినా సీల్‌కు ప్రాణం దక్కింది కదా, అది చాలు దానికి. (నవ్వులు)

ఇప్పుడు నేను మొదట దాచిపెట్టిన కారణానికి వద్దాం.

ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలోనే రెండు లక్షలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపారు. నూనె కోసం. 1966లో అంతర్జాతీయ నిషేధం వచ్చింది. సోవియట్ ఓడలు మాత్రం ఆగలేదు. నిషేధానికి ముందూ తర్వాతా కలిపి దక్షిణ సముద్రాల్లో 48,000కు పైగా పట్టి, కాగితాల మీద 2,700 చిల్లర చూపించారు. పైనుంచి టార్గెట్, కింద టెన్షన్, మధ్యలో దొంగ లెక్కలు. ఇలాంటివి ఎలా జరుగుతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

1966 నవంబరులో ఆ ఓడలు అరేబియా సముద్రంలోకి వచ్చాయి. ఒమన్, పాకిస్తాన్, మన వాయవ్య తీరాల దగ్గర అంతకుముందు ఏడాదివి నాలుగు కలుపుకుని 242 హంప్‌బ్యాక్‌లను చంపాయి. ఆ లెక్క యూరీ మిఖలెవ్ అనే సోవియట్ కాలపు శాస్త్రవేత్త 1997లో ప్రచురించేదాకా ప్రపంచానికి తెలియదు. అందులోనే ఒక వింత ఉంది. కోసి చూస్తే కడుపుల్లో తిండి ఉంది. వెచ్చటి సముద్రంలో పస్తుండాల్సిన జంతువు కడుపునిండా మేసి ఉంది! గర్భంలోని పిల్లల సైజు చూస్తే అంటార్కిటికా నుంచి వచ్చినవాటి కాలానికి సరిపోవడం లేదు. అంటే ఇవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు. ఇక్కడివే. ఏడాది పొడవునా అరేబియా సముద్రం వదలవు. 2014లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఇవి మిగతావాటి నుంచి విడిపోయి సుమారు 70,000 ఏళ్లు. ప్రపంచంలో వలస పోని హంప్‌బ్యాక్ జనాభా ఇదొక్కటే.

మరి వలస పోకుండా ఎలా బతుకుతున్నాయి? నైరుతి రుతుపవనం వల్ల.

జూన్ వచ్చేసరికి ఆఫ్రికా తీరం నుంచి మన వైపు ఒక బలమైన గాలి మొదలవుతుంది. సోమాలియా, ఒమన్ తీరాలను ఆనుకుని ఈశాన్యానికి వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీరు కుడికి జరుగుతుంది. ఒమన్ తీరంలో కుడి అంటే నడిసముద్రం. పైనీరు ఒడ్డు నుంచి దూరం పోతే ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు లేస్తుంది. ఆ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, అంటే మీ నాన్న పొలంలో చల్లే సరుకే. దానికి ఎండ తగిలితే సముద్రం పచ్చబడుతుంది. నాచు జాతి సూక్ష్మజీవులు, వాటిని తినే క్రిల్, సార్డీన్లు, వాటి వెనక తిమింగలం. అంటార్కిటికా పోవాల్సిన పని లేదు, తిండి ఇంటికే వచ్చింది.

అదే గాలి అరేబియా సముద్రం మీద తేమ నింపుకుని పడమటి కనుమలు దాటి మన మీదికి వస్తుంది. బంగాళాఖాతం అల్పపీడనాలు మనకు ఎక్కువ వాన ఇస్తాయి, కాదనను. కానీ వాటిని కూడా నడిపేది ఈ నైరుతి ప్రవాహమే. మృగశిర కార్తె నాడు వరంగల్ మార్కెట్లో చేపల కోసం మనం క్యూ కడతాం చూడండి, ఆ రోజుల్లోనే ఒమన్ తీరంలో ఆ తిమింగలాలకు చేపల సీజన్ మొదలవుతుంది. రామప్ప, లక్నవరం మత్తడి దూకాలన్నా, ఈ జంతువు కడుపు నిండాలన్నా ఒకే గాలి రావాలి. నేను తిమింగలాల గురించి వరంగల్‌లో మాట్లాడటానికి కారణం ఇదే.

వేట ఆగాక మిగతా సముద్రాల్లో హంప్‌బ్యాక్‌లు బాగానే కోలుకున్నాయి. ప్రపంచం మొత్తం చూస్తే ముప్పు తక్కువ ఉన్న జాతుల జాబితాలోకి 2008లోనే చేరింది. అరేబియా సముద్రానివి మాత్రం వేరుగా ప్రమాదం అంచున ఉన్న జాబితాలో ఉన్నాయి. ఒమన్ తీరంలో తోకల ఫొటోలు పోల్చి వేసిన అంచనా 82. తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, అందుకని ఫొటోతో గుర్తు పడతారు. ఆ ఫొటోల్లోనే ఇంకోటి కనిపించింది. పదింటిలో మూడు నాలుగింటికి వలలు కోసిన మచ్చలు ఉన్నాయి. ఇది కాక ఓడలు గుద్దడం. గల్ఫ్ నుంచి వచ్చే ట్యాంకర్లన్నీ ఆ దారినే కదా.

2017 చివర్లో ఒమన్‌లో ‘లుబాన్’ అనే ఆడ తిమింగలానికి శాటిలైట్ ట్యాగు పెట్టారు. అరబ్బీలో లుబాన్ అంటే సాంబ్రాణి, తోక మీద సాంబ్రాణి చెట్టు ఆకారం మచ్చ ఉందని ఆ పేరు. అది తిన్నగా సముద్రం దాటి మన పడమటి తీరానికి వచ్చి, దక్షిణ కొస దాకా పోయి, మళ్లీ తిరుగుముఖం పట్టింది. గోవా దగ్గర నీటి అడుగున మైకులు పెట్టిన మన శాస్త్రవేత్తలు హంప్‌బ్యాక్ పాట రికార్డు చేసి 2019లో ప్రచురించారు. అంటే మన తీరం వాటికి చుట్టపుచూపు కాదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పు బిడ్డా.

(ఒక విద్యార్థిని: సార్, వానలు మారుతున్నాయి అంటున్నారు కదా. గాలి తగ్గితే వాటి పరిస్థితి ఏంటి?)

మంచి ప్రశ్న. మిగతా హంప్‌బ్యాక్‌లకు ఒకచోట తిండి తగ్గితే ఇంకోచోటు వెతుక్కునే అలవాటుంది. వీటికి ఉత్తరాన భూమి అడ్డం, దక్షిణానికి పోయే అలవాటు 70,000 ఏళ్లుగా లేదు. గాలి ఒక్కటే కాదు, పైనీరు వేడెక్కితే అడుగునీరు పైకి లేవడం కష్టమవుతుంది. ఎనభై చిల్లర ఉన్న గుంపుకు వరసగా రెండు మూడు చెడ్డ సీజన్లు వస్తే తట్టుకోవడం కష్టమే.

(ఒక విద్యార్థి: విశాఖలో బోటు ఎక్కితే కనిపిస్తుందా సార్?)

నీ డబ్బులు వృథా చెయ్యకు. (నవ్వులు) చూడాలంటే హవాయి, టోంగా, ఆస్ట్రేలియాలో హర్వే బే. అంత ఖర్చు పెట్టే ఉద్యోగం ముందు రావాలి. మన తీరాన ఏదైనా తిమింగలం కొట్టుకొస్తే పేపర్లో ఫొటో వస్తుంది, అప్పుడు ఒక పని చెయ్యి. రెక్క చూడు. శరీరంలో మూడో వంతు ఉందా, ముందంచు మీద బొడిపెలున్నాయా, తల మీద కూడా గుండ్రటి బొడిపెలున్నాయా. మూడూ ఉంటే హంప్‌బ్యాక్. ఒక్కోసారి వార్తలో పేరు తప్పు పడుతుంది, నువ్వు ఫొటోనే నమ్ము.